గిన్నె మునిగేదాకా

1

అంగారకుడి మీద ఒక ఊరికి ఎర్రవంక అని పేరు పెట్టడానికి బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. మా తాతలు కొట్టుకోలేదు కూడా. దిగారు, చూశారు, ఎర్రగా ఉంది, వంకలా ఉంది, పెట్టేశారు. ఆ పొదుపు వాళ్ళకి అన్నిట్లోనూ ఉండేది. ఇంతమందిలో వాళ్ళనే ఏరి ఇక్కడికి పంపడానికి కారణం కూడా అదే అంటారు. నీళ్ళు లేనిచోట పంట పండించేవాళ్ళు కావాలంటే అనంతపురం దాకా రావాల్సిందేగా.

నేను ఈ ఊరి కాలువకి నీరుగంటిని. అంటే ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసేవాణ్ణి. పేరు కుళ్ళాయప్ప.

ఇవాళ పొద్దున కాలువ తోక దగ్గర మంచుపొర పగలగొడుతుంటే కబురొచ్చింది. ఇక్కడి ఊళ్ళన్నిటికీ గాలీ నీళ్ళూ చూసే కేంద్రం కాలువలకి హక్కుపత్రాలు ఇస్తోందట. ముందు ప్రతి ఊరూ తన కాలువ చరిత్రా, వంతుల పద్ధతీ రాసి పంపాలి. దాన్నిబట్టి వాళ్ళొచ్చి యంత్రపు తూము బిగిస్తారు. టైముకి తనే తెరుచుకుంటుంది, తనే మూసుకుంటుంది.

రాసే పని నాకు అప్పగించారు. నేను మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆపైన మా బడిలో తరగతి లేదు కాబట్టి, ఇక్కడి లెక్కలో నేను చదువు పూర్తిచేసినవాణ్ణి.

చరిత్ర వేరే రాస్తున్నాను. అందులో పట్టనివన్నీ ఇక్కడ వేస్తాను.

2

చరిత్ర కోసం ముందు తిప్పేస్వామన్న ఇంటికి వెళ్ళాను. కాలువ తలదగ్గర మొదటి మడి ఆయనది. మంచుగుట్ట కరిగి దిగే నీళ్ళు మొట్టమొదట ఆయన గట్టునే తాకుతాయి. అందుకే ఏమో, మాటలు కూడా ముందు ఆయనవే.

"కూర్చోప్పా. రాయి. మా తాత బయ్యప్ప చెప్పులిడిచి గిన్నె తెచ్చినాడు."

"అది అందరికీ తెలుసు గదన్నా."

"తెలిస్తే మాత్రం రాయకూడదా? చరిత్రలో తెలిసిందే గదా రాసేది."

కాదనలేకపోయాను. సంగతేమిటంటే, ఓడ ఎక్కేటప్పుడు మనిషికి ఇంతే బరువు అని కట్టడి ఉండేదట. బయ్యప్ప తాత మూటలో ఊరి రాగిగిన్నె ఉంది. బరువు మించింది. ఏదో ఒకటి తీసెయ్యమన్నారు. ఆయన చెప్పులు తీసేశాడు. గ్రహం మారిన మొదటిరోజు, వంకమీద పరిచిన గాజుకప్పు కిందికి ఉత్తకాళ్ళతో దిగాడు. ఆ చలికి రెండు కాలివేళ్ళు పోయాయి. గిన్నెకి మాత్రం సొట్ట కూడా పడలేదు.

ఆ గిన్నె అడుగున సన్నటి బెజ్జం ఉంటుంది. నీళ్ళతొట్టిలో వదిలితే తేలుతూ, బెజ్జంలోంచి నీళ్ళు ఎక్కించుకుంటూ, చివరికి మునిగి అడుగుకి తగిలి ఠంగుమంటుంది. ఠంగుమంటే ఒక వంతు అయినట్టు. అక్కడ మడవ మూసి, తరవాతి మడికి తిప్పడం. భూమ్మీద మా వాళ్ళ ఊళ్ళో ఆ గిన్నె గంటకి మునిగేది. ఇక్కడ ఇరవైనాలుగు ఇళ్ళు, రోజుకి ఇరవైనాలుగు గంటలు. ఇంటికో గిన్నె. లెక్క ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఆ ముచ్చట చెప్పుకోవడానికే. నిజానికి ఇరవైనాలుగు గిన్నెలు మునిగేసరికి రోజున్నర దాటిపోతుంది. ఎనభై ఏళ్ళుగా అంతే. ఈసారి పొద్దున నీళ్ళొచ్చినవాడికి మళ్ళీ తడవ రేపు చీకటిపడ్డాక వస్తాయి.

"ఎందుకట్లా అన్నా?" అని అడిగాను, రాయాలి కాబట్టి.

"ఈడ పొద్దు చిన్నది గదప్పా."

ఇక్కడి రోజు భూమి రోజుకన్నా అరగంట పైచిలుకు పెద్దది. బడిలో మూడో తరగతిలోనే చెబుతారు. తిప్పేస్వామన్న కూడా మా బడివాడే కానీ, ఆయన మూడులో ఉన్నప్పుడు చెనిక్కాయలు, అదే వేరుశెనగ, పెరికే పని జోరుగా ఉండేదట.

3

ఈ రోజున్నర సంగతికి ఊళ్ళో రెండో జవాబు కూడా ఉంది. అది గట్టిగా చెప్పరు. పై మడివాడు గిన్నె కింద వేలు పెడతాడు, అంటారు. అంటే బెజ్జానికి వేలు అడ్డంపెట్టి, గిన్నెని ఆలస్యంగా మునగనిచ్చి, నీళ్ళు ఎక్కువసేపు పారించుకుంటాడని. మా ఊళ్ళో మోసమనే మాట వాడరు. వేలు పెట్టాడంటారు. పిల్లలు గోళీలాటలో కూడా అదే అంటారు.

అందుకే మాకొక కట్టుబాటు. గిన్నె తేలుతున్నంతసేపూ తొట్టి దగ్గర కూర్చున్నవాడు రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకోవాలి. ఈగ వాలినా సరే. ఇక్కడ ఈగలు లేవు, ఆ సౌకర్యం ఉంది.

ఇదంతా రాస్తే నాగన్న సంగతి రాయకుండా కుదరదు. నాకు ముందు ఆయనే నీరుగంటి. పని నేర్పింది ఆయనే. ఒకసారి తిప్పేస్వామన్న తండ్రి సిద్దప్ప కేంద్రం నుంచి గడియారం తెచ్చుకుని, గట్టు వెనక దాక్కుని, నాగన్న సొంత వంతులో గిన్నె ఠంగుమనడానికి ఎంతసేపు పట్టిందో చూశాడు. గంటన్నర దాటింది. గిన్నె అబద్ధం చెప్పదు. గడియారం అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది నాగన్న.

ఊరంతా కూర్చుని నీరుగంటి పని తీసేశారు. తలదగ్గర ఉన్న మడి తీసుకుని తోక మడి ఇచ్చారు. అప్పటినుంచి ఆయన వేలు నాగన్న. ఆయన పోయాక కూతురు నల్లక్క వేలు నాగన్న కూతురైంది. ఇంకెప్పుడూ గొడవ రాకూడదని, గిన్నె దగ్గరికి గడియారం తేకూడదని కట్టడి పెట్టారు.

నల్లక్క చెనిక్కాయల సాళ్ళలో మట్టి ఎగదోస్తుంటే వెళ్ళి, చరిత్రలో ఈ ముక్క రాస్తున్నానని చెప్పాను. తరవాత తెలిస్తే ఇంకా ఎక్కువ తిడుతుందని.

"రాయప్పా. రాసేటోనివి సగం రాస్తావా? ఏలు రాసి, ఆ ఏలికి గోరు గూడా ఉండాదని రాయి."

"నేను కల్పించింది కాదక్కా."

"మా నాయన పెట్టలేదంటే పెట్టలేదు. నీకు పని నేర్పిచ్చినోడు. నీకెప్పుడన్నా ఏలు పెట్టేది నేర్పిచ్చినాడా?"

"లేదు."

"అదన్నా రాయి."

రాశాను. పద్ధతి కింద మాత్రం అందరూ చెప్పిందే వేశాను: ఒక వంతు అంటే ఒక గిన్నె, అంటే ఒక గంట. ఇరవైనాలుగు ఇళ్ళవాళ్ళూ వేలిముద్రలు వేశారు. ఈసారి వేలు పెట్టినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు.

4

యంత్రపు తూము వచ్చింది. చూడ్డానికి బాగుంది. పొద్దు పొడవగానే తలదగ్గర మడికి తెరుచుకుంటుంది. గంటకి మూసుకుని తరవాతి మడికి. అట్లా వరసగా దిగి, మర్నాడు తెల్లారేలోపు తోక మడికి. రోజు చివర మిగిలే కాసిని నీళ్ళు తొట్టికి. ఎవరి గంట వాళ్ళది, ఏ రోజూ మారదు. కేంద్రంవాళ్ళు ఆ మాట రెండుసార్లు చెప్పారు, మేం చప్పట్లు కొడతామని. కొట్టాం.

తిప్పేస్వామన్నకి ఉదయపు నీళ్ళు ఖాయమయ్యాయి. "ఇన్నాళ్ళకి లెక్క లెక్కలాగుండాది" అన్నాడు.

గిన్నెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, సభగదిలో అరమీద పెట్టాం. తిప్పేస్వామన్న కళ్ళు తుడుచుకున్నాడు. నా పని ఇప్పుడు తూము మీద దుమ్ము తుడవడం. పెద్ద ఉద్యోగమే, ఇక్కడ దుమ్ముకి లోటు లేదు.

5

తోక మడి గురించి రాయాలి.

పైన గాజుకప్పు ఉన్నా, రాత్రి ముదిరేకొద్దీ వంకలో చలి దిగుతుంది. అన్నిటికన్నా కొరికే చలి తెల్లారేముందు. నల్లక్క గంట అప్పుడే. నీళ్ళు అక్కడికి చేరేసరికి సగం మంచు రవ్వ. మొదటి సాళ్ళలోకి పాకుతాయి, అక్కడే గడ్డకడతాయి. గంట దాటగానే తూము మూసుకుంటుంది. అడుగు సాళ్ళు ఎండిపోతున్నాయి.

ముందూ ఆమెకి చలివంతు వచ్చేది. అందరికీ వచ్చేది. వచ్చిన తడవ తిట్టుకుని, మళ్ళీ తడవ ఎండ వంతులో తడుపుకునేవాళ్ళం. ఇప్పుడు చలంతా ఒక్కరికే రాసిచ్చినట్టయింది.

పైగా చెనిక్కాయలకి ఇది ఊడలు దిగే సమయం. పూత రాలాక మొక్కనుంచి ఊడ వంగి మట్టిలోకి దిగాలి, అప్పుడే కాయ. మట్టి తడిగా, మెత్తగా లేకపోతే ఊడ పైనే నిలబడి ఎండిపోతుంది. ఊరందరికీ వచ్చే పంటకి విత్తనం ఆమె మడిదే. తోకమట్టి గుల్ల, కాయ బాగా ఊరుతుందని నాగన్న కాలం నుంచి అక్కడే కడతాం.

నల్లక్క తిప్పేస్వామన్న దగ్గరికి వెళ్ళింది. నేనూ పక్కన ఉన్నాను.

"అన్నా, ఊడలు దిగేదాకా నీ గంట నాకియ్యి. నా గంట నువ్వు తీసుకో. నీది ఆకుకూర, నాలుగు దినాలు తట్టుకుంటాది."

"కాగితంలో ఉండేది గదమ్మా. నువ్వూ ఏలేసినావు."

"ఇత్తనం పాయిందంటే నువ్వు గూడా ఏమి ఏస్తావు మళ్ళ?"

"కేంద్రమిస్తాది." ఆపైన అనకుండా ఉండాల్సింది అన్నాడు. "ఇప్పుడు యంత్రమొచ్చె. ఇంగ ఎవురూ ఏలు పెట్టేకి లేదు. అదే నీకు కష్టంగా ఉండాదేమో."

నల్లక్క తన మడివైపు తిరిగి నడిచింది. తిట్టి ఉంటే నాకు ఇంత దిగులు ఉండేది కాదు.

6

ఇవాళ గిన్నెకి దుమ్ము పట్టిందని అరమీద నుంచి దించి, తోమడానికి తొట్టి దగ్గరికి తెచ్చాను. చేతులు ఊరుకోవు. దస్తగిరి మడికి తూము తెరుచుకుంటుంటే, గిన్నెని నీళ్ళలో వదిలి, అలవాటుగా చేతులు మోకాళ్ళమీద పెట్టి కూర్చున్నాను.

తూము మూసుకుంది. గిన్నె ఇంకా తేలుతోంది. సగం దాటి కాస్తే దిగింది.

బెజ్జంలో పసుపు ఇరుక్కుంది కాబోలు అనుకున్నాను. చీపురుపుల్లతో పొడిచాను, తోమాను, గాలి ఊదాను, వెలుతురుకి పట్టి చూశాను. సూర్యుడు చక్కగా కనిపించాడు. మళ్ళీ వదిలాను. మళ్ళీ తూమే ముందు మూసుకుంది.

అప్పుడు నాకు నమ్మకంగా ఒకటే తోచింది. కేంద్రానికి ఫోన్ చేశాను. దస్తగిరి కూతురు నఫీసా అక్కడే నీళ్ళ విభాగంలో ఇంజనీరు. మా ఊరి పిల్లే.

"అమ్మా, మీ గడియారం తొందరపడుతోంది. ఏమన్నా పనుందా దానికి?"

ఆమె నవ్వి, మర్నాడు వస్తానంది.

7

నఫీసా వచ్చింది. గిన్నెని తొట్టిలో వదిలింది, చేతిగడియారం చూసింది. కట్టడి గుర్తొచ్చి నేను ఉలిక్కిపడ్డాను కానీ, గిన్నె దానంతట అది ఏమీ అనలేదు. నల్లక్క పార భుజాన పెట్టుకుని గట్టుమీదే నిలబడింది.

చాలాసేపటికి ఠంగుమంది.

"గంటన్నర పైనే మామా," అంది నఫీసా. "గిన్నె సరిగ్గానే ఉండాది. మా గడియారమూ సరిగ్గానే ఉండాది."

"అయితే తేడా ఎవరిదమ్మా?"

"నేలది. ఈడ బరువులు తక్కువ గదా."

"గిన్నె తేలికే, నీళ్ళూ తేలికే. చెల్లుకి చెల్లు," అన్నాను. ఊరంతా ఇదే అంటుంది.

"తేలేదాంట్లో చెల్లే. భూమ్మీద ఎంత మునిగి తేలుతాదో ఈడా అంతే. కానీ బెజ్జంలోంచి నీళ్ళు లోపలికి ఎక్కాలంటే కిందనించి ఎవురో తొయ్యాలి గదా? తోసేది నీళ్ళ బరువే. ఈడ ఆ బరువు తక్కువ, మెల్లగా తోస్తాది. గంటలో నిండేది గంటన్నరకి నిండుతాది. ఎవురు వదిలినా అంతే. మా నాయన వదిలినా, నువ్వు వదిలినా."

గట్టుమీద పార కిందపడింది.

"మా నాయన వదిలినా?" అంది నల్లక్క.

నఫీసాకి ఆ కథ తెలుసు. ఊళ్ళో పుట్టినవాళ్ళెవరికి తెలియదు? "మీ నాయన వదిలినా అంతే అత్తా," అంది.

నల్లక్క పార తీసుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ భుజానికెత్తుకుంది. "చూస్తివా కుళ్ళాయప్పా, నేల చేసిన పనికి మనిషిని పట్టుకుంటిరి," అని మడిలోకి దిగిపోయింది. అక్కడికెళ్ళి చాలాసేపు ఒకే సాలు దగ్గర వంగి ఉంది. నేను అటు చూడకుండా తొట్టి తుడుస్తూ కూర్చున్నాను. తుడవడానికి అందులో ఏమీ లేదు.

8

హక్కుపత్రానికి ముద్ర పడేలోపు దిద్దుకోవచ్చు, కానీ ఇరవైనాలుగు ఇళ్ళూ ఒప్పుకోవాలని నఫీసా చెప్పింది. ముద్రకి ఎక్కువ రోజులు లేవు. ఊడలకి అంతకన్నా తక్కువ. సభగదిలో కూర్చున్నాం.

బరువు సంగతి ఆమె చక్కగా చెప్పింది. అందరూ చక్కగా విన్నారు. విన్నాక ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. మా తాతలకి గంట తెలీదంటావా? మా అవ్వ లెక్క తప్పా? ఎనభై ఏళ్ళు మేం పిచ్చోళ్ళమా? తప్పని ఒప్పుకుని వేలేయడానికి ఒక్క చెయ్యి కూడా లేవలేదు. తిప్పేస్వామన్న లేచి నిలబడ్డాడు.

"కాగితం మారేకి లేదు. ఒగ వంతు ఒగ గంట. మనమే చెప్పినాము, మనమే ఏలేసినాము."

వంతు గంటన్నర అయితే ఒక రోజులో పట్టక మళ్ళీ తిరుగుతుంది, ఆయనకి ఉదయపు నీళ్ళు పోతాయి. అది ఒక్కటే అయితే ఏదో చెప్పుకోవచ్చు. కానీ గిన్నెకి గంటన్నర పడుతుందని ఒప్పుకుంటే, గట్టు వెనక దాక్కున్న సిద్దప్ప చూసింది ఏమిటో కూడా ఒప్పుకోవాలి. అది ఆయనకి బరువైన పని. ఈ గ్రహం మీద కూడా.

నేను లేచి అరమీద నుంచి గిన్నె తీసి ఆయన ముందు పెట్టాను.

"అన్నా, ఒకటే అడుగుతా. ఇది మీ తాత తెచ్చినదేనా?"

"ఏం మాట్లాడతాండావప్పా? చెప్పులిడిచి తెచ్చినాడు!"

"ఇది నిజం చెప్తుందా, అబద్ధం చెప్తుందా?"

"మా తాత గిన్నె అబద్ధం చెప్పదు."

"కేంద్రం గడియారం గంట అంటుంది. ఇదేమో ఇంకా మునగలేదు అంటుంది. ఎవరి మాట వినమంటావు?"

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"తాతలు తప్పని నేను రాయను," అన్నాను. "నాకేం పిచ్చా, అందరి అవ్వలతో తిట్లు తినడానికి? కాగితంలో ఒకే మాట తీసేస్తా. 'అంటే ఒక గంట' అన్న ముక్క. ఒక వంతు అంటే ఒక గిన్నె. అంతే. తాతలు పెట్టింది అదే గదా. గంట అన్నది మన మాట, వాళ్ళ గిన్నె ఎప్పుడూ అనలేదు."

గదిలో కాస్త ఊపిరాడింది. నఫీసా, గిన్నె లెక్క పెడితే తూముని దానికే కట్టేస్తానంది. ఠంగుమన్న చప్పుడు విని తూము మడి మార్చేట్టు. వంతు మళ్ళీ తిరుగుతుంది. అందరికీ పగలు, అందరికీ చలి. వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది, తరవాత ఇంకోటి. పుట్టలోంచి చీమలు వచ్చినట్టు లేచాయి.

తిప్పేస్వామన్న గిన్నెని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వేలితో బెజ్జం తడిమాడు. ఆ పని చేస్తున్నట్టు తెలిసి చప్పున వేలు తీసేశాడు.

"గిన్నె మాటే మాట," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

9

ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టాం. ఎండ గాజుకప్పు మీదనుంచి నిటారుగా దిగుతోంది. నఫీసా తొట్టి అంచుకి చెవిలాంటిది ఒకటి తగిలించింది. అంత పెద్ద యంత్రం ఒక గిన్నె చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం చూసి నాకు దానిమీద కొంచెం గౌరవం కలిగింది.

మొదటి గిన్నె వదిలే మర్యాద బయ్యప్ప తాత ఇంటిది. తిప్పేస్వామన్న కొత్తచొక్కా వేసుకుని వచ్చాడు. ఊరంతా గట్లమీద చేరింది.

"ఎక్కడనుంచి మొదలన్నా?" అని అడిగాను. ఎప్పుడూ తలనుంచే మొదలు. ఆయన మడి నుంచి. అడగడం ఊరికే లాంఛనం.

ఆయన కాలువ పొడుగునా కిందికి చూశాడు.

"తోకనుంచి పెట్టప్పా. నాగన్న కూతురికి వదులు."

ఊరు మొత్తం విన్నది. నాగన్న కూతురికి. అంతే అన్నాడు. ఆ పేరు ముందు ఏదో ఉండేదని గుర్తున్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నీళ్ళు తోకకి దిగాయి. ఈసారి మంచు రవ్వ లేదు, గడ్డ లేదు, మామూలు నీళ్ళు. నల్లక్క పారతో మడవ తిప్పుతూ సాలు తరవాత సాలు తడుపుకుంటూ వెళ్ళింది. పైసాళ్ళలో ఊడలు కొన్ని నల్లబడ్డాయి. మిగిలినవి వంగి ఉన్నాయి, మట్టి మెత్తబడితే దిగడానికి. విత్తనానికి సరిపోతాయంది, నేను అడక్కుండానే. చివరి సాలు తడిసేసరికి గిన్నె ఇంకా అంగుళం పైనే తేలుతోంది. ఆమె పార గట్టున గుచ్చి, నడుచుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చింది.

తిప్పేస్వామన్న తొట్టి ముందు కట్టుబాటు ప్రకారం కూర్చుని ఉన్నాడు. వీపు నిటారుగా, రెండు చేతులూ మోకాళ్ళమీద. ముక్కు కొసన చెమట బొట్టు వేలాడుతోంది. ముక్కు ముడుస్తున్నాడు, ఎగబీలుస్తున్నాడు, పెదవి వంకర తిప్పి ఊదుకుంటున్నాడు. చేతులు మాత్రం కదల్లేదు. ఇరవైనాలుగు ఇళ్ళ కళ్ళు ఆ చేతులమీదే ఉన్నాయి.

నల్లక్క ఆయనకి ఎదురుగా గొంతుక్కూర్చుని కాసేపు చూసింది.

"గోక్కోన్నా," అంది. "ఎవురూ ఏమీ అనుకోరులే."